చాటును చదవడం: రొకోకో ప్రేమచిత్రాలను చూసే పద్ధతి

తెలుగులో ‘చాటు’ అనే మాటకు రెండు ముఖాలున్నాయి. చెట్టుచాటు, తలుపుచాటు, కొంగుచాటు అన్నప్పుడు అది మరుగు. ఊరంతా చాటడం అన్నప్పుడు అది ప్రకటన. పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రాన్సులో రొకోకో అనే సుకుమార శైలి చిత్రకారులు ప్రేమను చిత్రించిన తీరును వివరించవలసి వచ్చినప్పుడల్లా నాకు ఈ మాటే అక్కరకు వస్తుంది. ఆ చిత్రాల్లో ప్రేమికులు ఎవరి కంటా పడకూడదని తాపత్రయపడుతుంటారు, చిత్రకారుడేమో వారిని సరిగ్గా మన కంటపడేచోట నిలబెడతాడు. దాచడమూ చాటడమూ ఒకే కుంచెతో జరిగే ఈ పనిని ఎలా గమనించాలో, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తొందరపడకూడదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నెల్లూరు మూలాపేటలో ఒక మిత్రుని మేడగదిలో నెలకొక ఆదివారం పదిమందిమి చేరి, పూటకొక చిత్రం చొప్పున చూస్తుంటాము. వచ్చేవారిలో ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులున్నారు, డిగ్రీ చదివే పిల్లలున్నారు, కావలి నుంచి రైలెక్కి వచ్చే దంపతులున్నారు. మాలో ఎవరమూ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం మెట్లెక్కినవాళ్లం కాము. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ముద్రించిన ప్రతులనూ కంప్యూటరు తెరనూ నమ్ముకుని, దూరాన ఉన్నవాళ్లు ఆ చిత్రాలను దగ్గరగా చూడడానికి పనికివచ్చిన పద్ధతి మాత్రమే.

చూడబోయే ముందు

చరిత్ర కొంచెం తెలిసి ఉండాలి, ఎక్కువ అక్కరలేదు. 1715లో పద్నాలుగవ లూయీ మరణించాక, బాలరాజు తరఫున రాజ్యభారం వహించిన ఫిలిప్ డోర్లెయాఁ కొలువును వెర్సాయి రాజభవనం నుంచి పారిస్‌కు మార్చాడు. 1722లో కొలువు మళ్లీ వెర్సాయికి వెళ్లింది గాని, ఆ ఏడేళ్లలో ప్రభువర్గం పారిస్ నగరంలోని సొంత భవనాలకూ, చిన్న గదులకూ, ఆ గదుల్లో సాగే సంభాషణలకూ అలవాటు పడింది. వెర్సాయిలో రాజు నిద్రలేవడం కూడా పదిమంది ఎదుట జరిగే తంతు. పారిస్ భవనాల్లో తెల్లని చెక్కపలకల గోడలు, వాటిపై బంగారు లతలు, ఎదురెదురుగా అద్దాలు, తలుపుల నెత్తిన చిత్రపటాలు, తలుపు మూసుకుంటే బయటివారికి ఏమీ వినపడని చిన్న అంతర్గృహాలు ఉండేవి. పెళ్లిళ్లు ఆస్తినీ వంశాన్నీ చూసి పెద్దలు కుదిర్చేవి కావడం వల్ల, ప్రేమ చాలావరకు ఆ కట్టడికి వెలుపలే చోటు వెతుక్కునేది. రొకోకో చిత్రం పుట్టింది ఈ గదుల కోసమే, వేలాడిందీ ఈ గదుల్లోనే. రహస్యం ఆ చిత్రాలకు కథావస్తువు కావడానికి ముందే అవి వేలాడే ఇంటి లక్షణం అయిందన్న సంగతి మనసులో పెట్టుకుంటే తక్కినదంతా సులభమవుతుంది.

రెండవది, మంచి ప్రతి సంపాదించడం. న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియం, వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ, షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ తమ దగ్గర ఉన్న పాత చిత్రాల పెద్ద ప్రతులను ఉచితంగా దించుకోనిస్తున్నాయి. ఆ చిత్రకారుల్లో ఒకడైన ఫ్రాగొనార్ గీసిన ‘ఉయ్యాల’ లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌లో ఉంది. దాన్ని 2021లో శుభ్రపరిచారు గనుక, ఆ తరువాత తీసిన ఛాయాచిత్రాన్నే ఎంచుకోవాలి. పాత ఛాయాచిత్రాల్లో పసుపెక్కిన వార్నిష్ పొర కింద ఆకుల నీలిపచ్చదనం మాసిపోయి ఉంటుంది, గౌను గులాబీరంగు కూడా మందగిస్తుంది.

ఇక్కడ నాకు తగిలిన ఒక దెబ్బ చెప్పాలి. మొదటిసారి ఆ చిత్రాన్ని మా కూటమికి చూపించడానికి ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో పెద్దదిగా అచ్చు వేయించి, తళతళలాడే లామినేషన్ కూడా చేయించాను. ఇంటికి తెచ్చి చూస్తే గౌను మెరిసిపోతోంది గాని, కుడివైపు నీడలో ఉయ్యాల ఊపే పెద్దమనిషి నల్లని మరకలో కలిసిపోయాడు. ఆ మనిషి కనపడకపోతే ఆ చిత్రంలో కథే లేదు. అందుకని, అచ్చుకు ఇచ్చేముందు ముదురు రంగుల భాగాన్ని తెరపై కాస్త వెలుతురు పెంచి చూసుకోండి, చిన్న నమూనా ఒకటి తీయించుకోండి, మెరుపు లేని కాగితాన్నే అడగండి. రొకోకో చిత్రంలో అసలు సంగతి తరచుగా చీకటి మూలనే ఉంటుంది.

మూడవది కొలత. చిత్రం అసలు పరిమాణం తెలుసుకుని, సుద్దముక్కతో గోడమీద అంత చట్రం గీయండి. ‘ఉయ్యాల’ 81 సెంటీమీటర్ల ఎత్తు, 64 సెంటీమీటర్ల వెడల్పు, అంటే పూజగదిలో పెట్టుకునే పెద్ద దేవుని పటమంత. సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటాజ్ మ్యూజియంలో ఉన్న ఫ్రాగొనార్ చిత్రం ‘దొంగముద్దు’ 45 సెంటీమీటర్లకు 55, గోడ క్యాలెండరు కంటే ఏమంత పెద్దది కాదు. వీటిని ఒకరిద్దరు దగ్గరగా నిలబడి చూడాలి తప్ప సభలో పెట్టడానికి వీలుకాదు. దీనికి పూర్తిగా భిన్నంగా, పదిహేనవ లూయీ ప్రియురాలు ద్యు బారీ తన లూవ్‌సియెన్ విహారమందిరం కోసం ఫ్రాగొనార్ చేత గీయించుకున్న నాలుగు పటాలు ఒక్కొక్కటి 318 సెంటీమీటర్ల దాకా ఎత్తున్నాయి. పది అడుగుల పైకప్పు ఉండే మన ఇళ్లలో అవి నిలబడవు. గోడమీద సుద్దగీత గీయగానే మా కూటమిలో వాదన సగం తగ్గిపోతుంది, ఎందుకంటే ఏది గుసగుసగా చెప్పినదో, ఏది గొంతెత్తి చెప్పినదో ఆ గీతే చెబుతుంది.

తెలియనివారెవరో ముందు పట్టుకోవాలి

ఇప్పుడు చూడడం మొదలుపెట్టవచ్చు. దళసరి శుభలేఖ అట్ట ఒకటి తీసుకుని మధ్యలో అగ్గిపెట్టె అంత కిటికీ కోయండి. చిత్రం మధ్యలో వెలుగుతున్న నాయికను మొదట చూడకండి. ఆమెను మరో కాగితంతో కప్పేసి, కిటికీ అట్టను అంచుల వెంబడి మెల్లగా జరపండి. మన కన్ను సహజంగా వెలుతురు దగ్గరికి పరుగెడుతుంది, చిత్రకారుడు కోరుకున్నదీ అదే. రహస్యాన్ని చదవదలచినవారు ఆ పరుగును కాసేపు ఆపుకోవాలి.

ఈ పద్ధతికి ‘ఉయ్యాల’కు మించిన పాఠం లేదు. ఫ్రాగొనార్ దీన్ని 1767, 1768 ప్రాంతంలో గీశాడు. దీని పుట్టుక గురించి షార్ల్ కొలే అనే నాటకకర్త తన దినచర్య పుస్తకంలో రాసిపెట్టాడు. రాజకొలువుకు చెందిన ఒక ప్రభువు దొయాఁ అనే చిత్రకారుణ్ణి పిలిపించి, తన ప్రియురాలు ఉయ్యాలలో కూర్చుని ఉండగా ఒక బిషప్ ఊపుతున్నట్లూ, తాను ఆమె కాళ్లు కనపడే చోట ఉన్నట్లూ గీయమన్నాడట. మతసంబంధమైన చిత్రాలతో పేరు తెచ్చుకున్న దొయాఁ నివ్వెరపోయి, ఆ పనికి ఫ్రాగొనార్ పేరు సూచించి తప్పుకున్నాడు. అయినా పోతూ పోతూ ఆమె పాదరక్షలు గాలిలోకి ఎగిరితే బాగుంటుందని ఒక సలహా మాత్రం ఇచ్చాడట. ఫ్రాగొనార్ బిషప్‌ను తీసేసి మామూలు పెద్దమనిషిని పెట్టాడు, ఒక చెప్పును మాత్రం నిజంగానే ఎగరేశాడు.

అంచుల వెంబడి కిటికీ జరిపితే ముందుగా కుడివైపు నీడలో ఆ పెద్దమనిషి దొరుకుతాడు, ఆయన చేతుల్లో ఉయ్యాల తాళ్లున్నాయి. కింద కుడిమూల ఒక చిన్న కుక్క మొరుగుతోంది. ఎడమవైపు కింద పూలపొదల్లో ఒక యువకుడు వెల్లకిలా వాలి పైకి చూస్తున్నాడు. అతని పైన ఎత్తైన పీఠం మీద ఒక మన్మథ విగ్రహం పెదవులమీద వేలు పెట్టుకుని ఉంది. ఈ నలుగురినీ విడివిడిగా చూసిన తరువాత నాయిక మీది కాగితం తీయండి. గులాబీరంగు గౌను ఒక్కసారిగా విప్పారినట్లు అనిపిస్తుంది. ఆమెను ముందే చూసినవారికి ఈ ఆనందం దక్కదు.

తరువాతి పని నూలుపోగుతో. ఒక్కొక్కరి కంటినుంచి వారు చూస్తున్న చోటికి పోగు పరచండి. నాయిక చూపు యువకుని మీదికి, యువకుని చూపు ఆమె మీదికి పోతాయి. పెద్దమనిషి చూపు ఆమె వెనుకభాగంతోనే ఆగిపోతుంది. మా కూటమికి వచ్చే ఒక పెద్దావిడ ఈ పోగులను చూసి, “వెనకనించి ఊపేవాళ్లకు ముందుది కనపడదు గదా నాయనా” అన్నారు. అట్లతద్దినాడు తెల్లవారుజామున చెట్టుకొమ్మకు తాడు వేసి ఉయ్యాలలూగిన తరానికి ఇది ఏ పుస్తకమూ చెప్పనక్కరలేని విషయం. ఉయ్యాల ఊపేవారి శ్రమ అంతా ఊగేవారి ముఖాన్ని తమకు దూరంగా పంపడానికే పోతుంది. చిత్రం మొత్తం ఆ ఒక్క యంత్రధర్మం మీద నిలబడింది: అతను ఎంత బలంగా తోస్తే ఆమె అంతగా ఇంకొకరి దగ్గరికి వెళుతుంది, ఆ సంగతి అతనికి తెలియదు.

అందుకే ఏ రొకోకో చిత్రం దగ్గరైనా మొదటి ప్రశ్న ప్రేమికులెవరని కాదు, తెలియనివారెవరని. రెండవ ప్రశ్న, తెలిసీ చెప్పకుండా ఉన్నదెవరు. ఇక్కడ ఆ పాత్ర విగ్రహానిది. దాన్ని ఫ్రాగొనార్ ఊరికే కల్పించలేదు. ఫాల్కొనే అనే శిల్పి పదిహేనవ లూయీకి ఆప్తురాలైన మదాం ద పొంపదూర్ కోసం చెక్కిన, 1757లో పారిస్ సలోన్ ప్రదర్శనలో ఉంచిన మన్మథుడిని పోలినది అది. ఆ శిల్పంలో కుడిచేతి వేలు పెదవులమీద ఉంటే, రెండవ చేయి అమ్ములపొది వైపు సాగి ఉంటుంది. మౌనంగా ఉండమన్న సైగతోపాటు బాణం తీస్తానన్న బెదిరింపు కూడా అందులో ఉన్నదని గమనించినప్పుడే ఆ విగ్రహం చిత్రంలో చేస్తున్న పని అర్థమవుతుంది. ఇక మూడవ ప్రశ్న, రహస్యాన్ని బయటపెట్టగలిగేదెవరు. ఆ మొరిగే కుక్కే. యూరోపియన్ చిత్రకళలో కుక్క చాలాకాలంగా విశ్వాసానికి గుర్తు, దంపతుల చిత్రాల్లో పాదాల దగ్గర కూర్చోబెట్టేవారు. ఇక్కడ విశ్వాసం గొంతు చించుకుంటున్నా వినిపించుకునేవారు లేరు.

మన కావ్య సంప్రదాయంతో పోలిక తప్పకుండా వస్తుంది, రానివ్వాలి కూడా. అయితే తేడా దగ్గర కాస్త నిలబడాలి. మన అభిసారిక రాత్రిని ఆశ్రయిస్తుంది: చీకటి రాత్రి అయితే నల్లని చీర కట్టి కృష్ణాభిసారిక అవుతుంది, వెన్నెల రాత్రి అయితే తెల్లని చీర కట్టి శుక్లాభిసారిక అవుతుంది, చప్పుడు కాకుండా అందెలు పైకి జరుపుకుంటుంది. రొకోకో నాయిక పట్టపగలు, తోటలో, తాను తప్పించుకోవలసిన మనిషి సమక్షంలోనే, అతని సాయంతోనే తన రహస్యాన్ని నడుపుతుంది. ఆమె వేషం పరిసరాల్లో కలిసిపోయే రంగు కాదు, అందరికంటే ఎక్కువగా మెరిసే రంగు. ఈ తేడాను చెప్పకుండా ‘ఇదీ మన శృంగారమే’ అని సరిపెట్టుకుంటే రెండు సంప్రదాయాలకూ అన్యాయం చేసినవాళ్లమవుతాము.

పూలచాటు ఉత్తరాలు

చిత్రంలో కాగితం కనపడితే దాన్ని వదలకండి. ఆ రోజుల్లో ఉత్తరానికి వేరే కవరు ఉండేది కాదు. రాసిన కాగితాన్నే మడిచి, లక్కముద్ర వేసేవారు. కాబట్టి ముద్ర విప్పి ఉందా లేదా, మడత ఎన్ని పొరలుగా ఉంది, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోతోంది అన్నవి చిత్రకారుడు కావాలని పెట్టిన వివరాలే.

ఫ్రాన్స్వా బూషే 1750లో గీసిన ‘ప్రేమలేఖ’ వాషింగ్టన్‌లో ఉంది. పట్టుబట్టలు కట్టిన ఇద్దరు గొల్లపడుచులు, మేస్తున్న గొర్రెలు, మెడకు రిబ్బనుతో ఉత్తరం కట్టిన తెల్లని పావురం. మదాం ద పొంపదూర్‌కు చెందిన బెల్‌వ్యూ భవనం కోసం గీసిన చిత్రం ఇది. నలదమయంతుల కథలో హంసను ఎరిగిన మనకు ఈ పావురం పరాయిది కాదు. హంస మాట్లాడుతుంది, పావురం మాట్లాడలేదు. అందుకే ఇక్కడ వార్త కాగితం మీదికి ఎక్కింది, కాగితం మీదికి ఎక్కిన వార్త పట్టుబడే ప్రమాదమూ పుట్టింది. బూషే ఆ ప్రమాదాన్ని పట్టించుకోడు. అతని ప్రపంచంలో ఎవరికీ ఏమీ కాదు, గొర్రెలకు బురద అంటదు. ఆ కాలపు రచయిత, కళావిమర్శకుడు దిదెరో అతన్ని అంతగా విమర్శించడానికి ఈ నిశ్చింత కూడా ఒక కారణం. నా మటుకు బూషే దగ్గర ఎక్కువసేపు ఆగను.

ఫ్రాగొనార్ 1770ల తొలి భాగంలో గీసిన ‘ప్రేమలేఖ’ దగ్గర మాత్రం ఆగాలి. అది మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది, ‘ఉయ్యాల’ అంత పరిమాణమే. రాతబల్ల ముందు కూర్చున్న స్త్రీ పూలగుత్తిని, దానిలో దూర్చిన చీటీని చేత పట్టుకుని, అలికిడి విన్నట్లు మనవైపు తిరిగి చూస్తుంది. పక్కన బొచ్చుకుక్క కూడా మననే చూస్తుంది. ఇక్కడ తెలియనివారి కోసం చిత్రంలో వెతికితే ఎవరూ దొరకరు. ఆ గదిలోకి చెప్పకుండా వచ్చింది మనమే. చీటీ మీది అక్షరాలను కొందరు ‘కవాలియే’ (రౌతు, చెలికాడు) అనే ఫ్రెంచి మాటగా చదివారు, మరికొందరు ‘కువిలియే’ అనే ఇంటిపేరుగా చదివారు. ఆ ఇంటిపేరుతో బూషే కుమార్తెకు సంబంధం ఉంది, ఆమె మారుమనువు చేసుకున్నది ఆ ఇంటిపేరు వ్యక్తినే. తెరమీద ఆ చీటీని ఎంత పెద్దది చేసినా కుంచె గీతలే తేలుతాయి. కనుక ఈ చిత్రం చూసేటప్పుడు చేయవలసిన పని చీటీని చదవడం కాదు, మనం గదిలోకి రాకముందు ఆమె ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహించి, ఇప్పుడున్న ముఖంతో పోల్చి చూడడం.

విసనకర్రల విషయంలో ఒక హెచ్చరిక. విసనకర్రను చెంపకు ఆనిస్తే ఇది, మూస్తే అది అంటూ అర్థాల పట్టికలు అంతర్జాలంలో తిరుగుతుంటాయి. అవి పంతొమ్మిదవ శతాబ్దంలో విసనకర్రల వ్యాపారులు ప్రచారంలోకి తెచ్చినవి. వాటితో 1720 నాటి చిత్రానికి అర్థం చెప్పడం తగదు. విసనకర్ర ముఖానికి ఎంత అడ్డు వచ్చింది, ఎవరినుంచి అడ్డు వచ్చింది అని చూస్తే చాలు.

తలుపుచాటు

తలుపు ఉన్న ఫ్రాగొనార్ చిత్రాలు రెండింటిని పక్కపక్కన పెట్టుకుని చూడమని నా సలహా. 1780ల చివరలో గీసిన ‘దొంగముద్దు’లో, శాటిన్ గౌను తొడిగిన అమ్మాయి ఏదో వంకతో శాలువా కోసం ఈ గదిలోకి వచ్చింది, తలుపు పక్కనుంచి ఒక యువకుడు వంగి ఆమె చెంపను ముద్దాడుతున్నాడు. తెరిచి ఉన్న మరో తలుపు గుండా లోపలి గదిలో కూర్చున్న స్త్రీలు కనపడుతున్నారు. ఈ చిత్రంలో ఫ్రాగొనార్‌తోపాటు అతని మరదలు మార్గరీత్ జెరార్ చేయి కూడా ఉన్నదని భావించేవారున్నారు. నూలుపోగు ఇక్కడ కూడా పనిచేస్తుంది: అమ్మాయి ముఖం ముద్దువైపు, కళ్లు లోపలి గదివైపు, చేయి శాలువావైపు ఉన్నాయి. ఒకే శరీరం మూడు దిక్కులకు లాగబడుతోంది. శాలువా చారలను వేలితో అనుసరిస్తూ పోతే ఆ లాగుడు ఎంత దూరం సాగిందో తెలుస్తుంది. పట్టుబడితే చెప్పడానికి ఒక సాకు చేతిలో ఉంది. ఆ సాకే ఆ శాలువా.

‘గడియ’ సంగతి వేరు. లూవ్ర్‌లో ఉన్న ఈ చిత్రం 1777 ప్రాంతానిది, 73 సెంటీమీటర్లకు 93. చొక్కా మాత్రమే తొడుక్కున్న యువకుడు ఒక చేత్తో స్త్రీని పొదివి పట్టుకుని, మరో చేయి చాచి, వేళ్లకొసలతో తలుపు గడియను తోస్తున్నాడు. ఆమె శరీరం వెనక్కి వాలింది, ఆమె చేయి అతని ముఖాన్ని నెడుతోంది. చిత్రంలో సగభాగాన్ని ఎర్రని తెరలు వేలాడే ఖాళీ మంచమే ఆక్రమించింది, బల్లమీద ఒక ఆపిల్ ఉంది. ఆపిల్ నుంచి గడియ దాకా సుద్దగీత గీసినట్లు వాలుగా ఒక వెలుతురు గీత పోతుంది. దీన్ని గీయించుకున్న మార్కి ద వేరి వద్ద, దీనికి జోడుగా ఉన్న, ఫ్రాగొనారే గీసిన, పసికందు యేసును గొల్లలు దర్శించుకునే చిత్రం ఉండేది. 1784లో చెక్కిన ముద్రణల ద్వారా ‘గడియ’ ఎన్నో ఇళ్లకు చేరింది.

మా కూటమిలో ఈ చిత్రం దగ్గర మాట పెరిగింది. పెద్దవారొకరు, వద్దు వద్దంటూనే దగ్గరికి వచ్చే నాయిక మన పదాల్లో కూడా ఉంది కదా, ఇది ఆ ముగ్ధత్వమే అన్నారు. డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె, “ఆమె చేతిని చూడండి సార్, అది తోస్తోంది” అని మాత్రం అంది. నేను ఆ అమ్మాయి పక్షాన ఉన్నాను. చిత్రకారుని ఉద్దేశం గురించి నేడు తీర్పు చెప్పే స్థితిలో మనం లేకపోవచ్చు, పండితులు కూడా ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అయినా చూసే మనిషి అడగవలసిన నాలుగవ ప్రశ్న ఇక్కడే పుడుతుంది, ఈ చాటు ఎవరికి రక్ష అన్నది. ‘దొంగముద్దు’లో పక్కగదిలో మనుషులున్నారు, తలుపు తెరిచి ఉంది, అమ్మాయి గొంతెత్తితే వినేవారున్నారు. ‘గడియ’లో తలుపు మూసుకోవడం లోకాన్ని బయట ఉంచడమే కాదు, ఆమెకు దారి లేకుండా చేయడం కూడా. ఇద్దరూ కలిసి దాచుకున్నదానినీ, ఒకరు రెండవవారిని దాచేయడాన్నీ ఒకే రహస్యమని పిలవకూడదు. పిల్లలతో కలిసి ఈ చిత్రాలు చూసే ఉపాధ్యాయులు ఈ ప్రశ్నను సిగ్గుపడి దాటవేయకుండా, స్పష్టమైన తెలుగులో అడగాలని నా కోరిక.

లూవ్‌సియెన్ పటాల గురించి ఒక్క మాట. 1771, 1772 సంవత్సరాల్లో గీసిన వాటిలో ఒకదానిలో ప్రియుడు నిచ్చెన వేసుకుని తోటగోడ ఎక్కుతుంటే, ప్రియురాలు ఎవరో వస్తున్నట్లు పక్కకు చూస్తుంది. ద్యు బారీ ఆ పటాలను తిప్పి పంపి, వియాఁ అనే మరో చిత్రకారుని చేత వేరేవి గీయించుకుంది. 1790లో ఫ్రాగొనార్ వాటిని తన స్వస్థలమైన గ్రాస్‌కు, బంధువుల ఇంటికి తీసుకువెళ్లాడు. 1915లో వాటిని కొన్న అమెరికన్ పారిశ్రామికవేత్త ఫ్రిక్ పేరిట వెలసిన న్యూయార్క్ సంగ్రహంలో అవి ఇప్పుడున్నాయి. పదిన్నర అడుగుల పటంలో గీసిన రహస్యం ఎలా నిలబడుతుందో చూడాలంటే వీటినే చూడాలి.

చాటే లేని చోట

చివరకు ఆంత్వాన్ వాతో దగ్గరికి రావాలి. కాలక్రమంలో అతనే మొదటివాడు; 1684లో వలాన్సియెన్‌లో పుట్టి, 1721లో 36 ఏళ్లకే కన్నుమూశాడు. అయినా అతన్ని చివరకు ఉంచడానికి కారణముంది. ఇంతవరకు చెప్పిన ప్రశ్నలు అతని దగ్గర సరిగా పనిచేయవు, అవి పనిచేయకపోవడాన్ని గుర్తించాలంటే ముందు వాటితో కొంత అలవాటు ఉండాలి.

‘సితేరా యాత్ర’ను (సితేరా అంటే ప్రేమదేవత వీనస్ ద్వీపం) 1717లో అతను ఫ్రెంచి రాజ చిత్రకళా అకాడమీకి తన ప్రవేశచిత్రంగా సమర్పించాడు. అకాడమీ పుస్తకంలో ముందు చిత్రం పేరు రాసి, కొట్టివేసి, ‘ఫేత్ గలాంత్’ అని రాశారు. ప్రభువుల ఉద్యానవిహారమని దానికి అర్థం చెప్పుకోవచ్చు. ఈ చిత్రం 129 సెంటీమీటర్ల ఎత్తు, 194 సెంటీమీటర్ల వెడల్పు. కుడివైపు గులాబీలు చుట్టిన వీనస్ విగ్రహం, ఎడమవైపు దూరంగా పడవ, దానిపైన ఎగిరే మన్మథ శిశువులు. మధ్యలో చిన్న గుట్టమీద మూడు జంటలు కనపడతాయి. మొదటి జంట ఇంకా కూర్చునే ఉంది, అతను ఆమె దగ్గరికి వంగి ఏదో చెబుతున్నాడు, ఆమె విసనకర్ర వైపు చూస్తోంది. రెండవ జంటలో అతను ఆమెకు చేయందించి లేపుతున్నాడు. మూడవ జంట నడక మొదలుపెట్టింది, అయితే ఆమె తల తిప్పి వెనక్కి చూస్తోంది. కిటికీ అట్టను కుడినుంచి ఎడమకు జరిపితే, ఒకే జంటను మూడు క్షణాల్లో చూసినట్లుంటుంది. వారు ప్రేమద్వీపానికి బయలుదేరుతున్నారని చాలాకాలం అనుకున్నారు. 1961లో కళాచరిత్రకారుడు మైకేల్ లెవీ, వారు ఆ ద్వీపంనుంచి తిరిగి వెళుతున్నారని వాదించాడు. ఆ వాదన తెలిసిన తరువాత మూడవ స్త్రీ వెనుచూపును మళ్లీ చూడండి.

ఇక్కడ తెలియనివారెవరూ లేరు, దాగినవారూ లేరు. అందరూ జంటలే, అందరికీ అందరి సంగతీ తెలుసు. అయినా ఈ చిత్రంలో ఉన్నంత ఆంతరంగికత తక్కిన ఏ రొకోకో చిత్రంలోనూ నాకు కనపడలేదు. వాతో మనుషులను తరచుగా వెనుకనుంచి చూపిస్తాడు, ముఖాలను పక్కకు తిప్పేస్తాడు. లూవ్ర్‌లోనే ఉన్న ‘తప్పటడుగు’ అనే చిన్న పటంలో స్త్రీ ముఖమే మనకు కనపడదు, ఆమె మెడ, అతన్ని నెడుతున్న చేయి మాత్రమే కనపడతాయి. రహస్యం మూడవ మనిషికి తెలియకపోవడం మీద కాకుండా, ఇద్దరి మధ్య జరిగేది బయటికి రాకపోవడం మీద ఆధారపడింది.

దీన్ని చూడడానికి నా దగ్గర అట్ట ముక్కలతోనూ నూలుపోగులతోనూ చేసే ఉపాయం లేదు, ఒక అలవాటు మాత్రం ఉంది. సాయంత్రం పొద్దు వాలే వేళ రంగనాయకుల గుడి వెనుక పెన్న ఒడ్డున కూర్చుని అవతలి గట్టును చూడండి. చెట్లు, మనుషులు, ఆగి ఉన్న బండ్లు ఒకే పలుచని బంగారు ధూళిలో కలిసిపోయి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలుస్తుంటుంది, ఏమి మాట్లాడుతున్నారో వినపడదు. వాతో నేపథ్యాలు ఆ దూరంతోనే తయారయ్యాయి. ఆ దూరానికి కన్ను అలవాటు పడిన తరువాత ఇంటికి వచ్చి చిత్రాన్ని తెరవండి, మొదటి జంట దగ్గరే ఆగండి, మూడవ జంట దాకా పరుగెత్తకండి. మా కూటమి ఆ ఒక్క జంట దగ్గర రెండు ఆదివారాలు గడిపింది. కావలి దంపతుల్లో భర్త, అతను ఆమెను ఏమి అడుగుతున్నాడో మీకేమైనా తోచిందా అని అందరినీ అడిగితే, ఆయన భార్య, “అది ఆమెకు చెప్పిన మాట కదండీ” అని చిత్రాన్ని తనవైపు తిప్పుకుని మళ్లీ చూడసాగారు.